ఇత్తడి చల్లారే వేళ

బస్తర్ సీమలోని కొండగావ్‌లో ఘడ్వా శిల్పి చేతిలో ఒక బొమ్మ పుట్టాలంటే రెండు రూపాలు నశించాలి. మొదటిది మైనపు రూపం, రెండవది మట్టి అచ్చు. మట్టి దిమ్మెపై దారాలవలె సన్నగా తీసిన తేనెమైనాన్ని చుట్టి, దానిపై మెత్తని మట్టిని, ఆపైన ఊక కలిపిన మట్టిని పూసి కాలుస్తారు. మైనం సుమారు 63 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే కరిగిపోతుంది. అది విడిచిన ఖాళీలోకి 900 డిగ్రీలు దాటిన ఇత్తడి ప్రవేశించాలి. పోత చెడితే మళ్లీ పోయడానికి అచ్చు లేదు, చూసి చేయడానికి మైనపు బొమ్మా లేదు. రోజుల తరబడి పడిన శ్రమ మన్నుపాలే.

ఆ ఇరుకు సందులో ఇత్తడి ఎంతసేపు ద్రవంగా నిలుస్తుంది? ఖ్వోరినోవ్ అనే ఇంజనీరు 1940లో దీనికి లెక్క కట్టాడు. పోత ఘనపరిమాణాన్ని దాని ఉపరితల వైశాల్యంతో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేస్తే, గట్టిపడే కాలం దానికి అనులోమంగా ఉంటుంది. అంటే రేకు మందం సగమైతే గడువు నాలుగోవంతు! అచ్చు వేడికీ ఇందులో పాలు ఉంది. ఇత్తడి 930 డిగ్రీల వద్ద గడ్డకడుతుందనుకుందాం. అచ్చు 30 డిగ్రీలుంటే తేడా 900. అది 480 వరకు కాగి ఉంటే 450. తేడా సగమైనందున గడువు నాలుగింతలవుతుంది. కొలిమిలో కాగిన అచ్చులోనే పోత పోయడంలోని మర్మం ఇదే.

ఇక మిగిలింది ఓర్పు. వేడి వస్తువుకూ పరిసరాలకూ గల తేడాను బట్టే చల్లారే వేగం ఉంటుందని 1701లో న్యూటన్ తన పేరు వేయకుండా లాటిన్‌లో ప్రచురించాడు. 30 డిగ్రీల గాలిలో 630 డిగ్రీల వస్తువు మొదటి గంటలో 330కి దిగితే, రెండవ గంటకు 180, మూడవ గంటకు 105. తొలి గంటలో 300 డిగ్రీలు పోగొట్టుకున్నది మూడవ గంటలో 75 మాత్రమే వదులుతుంది. అధిక ఉష్ణోగ్రతల వద్ద ఈ నియమం తప్పుతుందని 1817లో డ్యూలాంగ్, పెటీ చూపారు. పైగా మందపాటి మట్టి పైన చల్లబడినా లోపల వేడిని దాచుకుంటుంది. తొందరపడి పగలగొడితే, వేడి మీద బలం తక్కువైన ఇత్తడి వంగవచ్చు, చిట్లవచ్చు.

ఈ కళను దేశాంతరాలకు పరిచయం చేసిన కొండగావ్ శిల్పి జయదేవ్ బఘేల్ 2014లో కన్నుమూశారు. మన ఆదిలాబాద్ ఓఝాలదీ ఇదే విద్య. ఉష్ణమాపకం లేని కొలిమి దగ్గర వారికి మంట రంగే కొలత. చల్లారిన అచ్చును మెల్లగా తట్టి మట్టి రాల్చుతారు. మైనపు దారాలున్న చోటల్లా ఇత్తడి దారాలు బయటపడతాయి.