గాయపడిన క్వార్టర్‌బ్యాక్‌ను ఎంచుకొనవచ్చునా?



అమెరికాలో ఉద్యోగము చేయుచున్న మా అన్నగారి మనుమడు సెలవులకు వచ్చినప్పుడు, మా అరుగుమీద కూర్చున్న పెద్దలను ఒక ప్రశ్న అడిగెను. "తాతగారూ, తుంటి ఎముక విరిగిన కుర్రవానికి మూడు కోట్ల డాలర్లిచ్చి జట్టులో చేర్చుకొనుట తెలివా, తెలివిమాలినతనమా?" అరుగువారందరును తెలివిమాలినతనమే యనిరి. సంతలో ఎద్దును కొనువాడు పదిమార్లు నడిపించి చూచును గదా, కుంటెద్దును ఎవడు కొనునని వారి వాదము. వాడు చెప్పిన కథ సాంతముగా విన్న పిమ్మట నా యభిప్రాయము వేరైనది. ఆ సంగతియే నేడు మనవి చేయుచున్నాను.

అమెరికావారు ఫుట్‌బాల్ అనునది మన పిల్లలు కాలితో తన్ను బంతియాట కాదు. అందు బంతి కోలగా నుండును. దానిని చేతితో విసరుదురు, చంకన పెట్టుకొని పరుగెత్తుదురు, పరుగెత్తువానిని ఎదుటివారు మీదపడి నేలకూల్తురు. ఒక్కొక్క ప్రక్క 11 మంది. నాలుగు ప్రయత్నములలో 10 గజములైన ముందుకు సాగనిచో బంతి ఎదుటివారి పాలగును. దాదాపు ప్రతి ప్రయత్నమునందును బంతి మొదట చేరునది క్వార్టర్‌బ్యాక్ అనువాని చేతికి. రెండు మూడు క్షణములలో వాడు ఎదుటివారి వ్యూహమును గ్రహించి, ఎవనికి విసరవలెనో నిశ్చయించి విసరవలెను. అంతలో మణుగులకొలది బరువుగల మల్లులు వానిపైకి దుముకుచుందురు. తక్కిన పదిమంది ఎంత గొప్పవారైనను వీడు చాలనిచో ఆ జట్టు పైకి రాదు.

నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అను వారి సంఘములో 32 జట్లు కలవు. ఏటేట ఏప్రిల్ నెలలో కళాశాలల నుండి వచ్చు యువకులను ఈ జట్లు వరుసగా ఏరుకొనును. దీనికి డ్రాఫ్టు అని పేరు. క్రిందటి యేట అందరికంటె ఎక్కువగా ఓడిన జట్టుకు మొదటి వంతు, గెలిచినవారికి చివరి వంతు. ఇట్లు ఏడు ఆవృత్తులు జరుగును. కుర్రవానికి మాత్రము తన యజమానిని కోరుకొను హక్కు లేదు. ఎవరు పేరు చదివిన వారి యొద్దకే పోవలెను. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు, మరల దీనితో పనియున్నది.

ఇక కథ. టువా టంగోవైలోవా 1998లో హవాయి ద్వీపములలో పుట్టిన సమోవా జాతివాడు, ఎడమచేతి వాటము. అలబామా విశ్వవిద్యాలయములో చదువుచు, 2018 జనవరిలో జార్జియావారితో జరిగిన జాతీయ విజేత పోటీలో, తన జట్టు 0–13గా వెనుకబడియుండగా సగము ఆట గడచిన తరువాత దిగి, అదనపు కాలములో 41 గజముల దూరము విసరి 26–23గా గెలిపించెను. అప్పటికి వానికి పందొమ్మిదేండ్లు. ఆ యేటి డిసెంబరులో ఒక చీలమండకును, 2019 అక్టోబరులో రెండవ చీలమండకును శస్త్రచికిత్సలైనవి. 2019 నవంబరు 16వ తేదీన మిసిసిపీ స్టేట్ వారితో ఆడుచు, తన జట్టు 35–7గా ముందున్న వేళ, ఇద్దరు మీదపడగా కుడి తుంటి కీలు జారి ఎముక విరిగినది. ఆ విడతతో వానిని కూర్చోబెట్టవలెనని అనుకొంటిమని శిక్షకుడు నిక్ సేబన్ పిమ్మట చెప్పెను. అంతకు ముందే కూర్చోబెట్టినచో నేను చెప్పుటకు ఈ కథయే యుండెడిది కాదు.

తుంటి కీలు గిన్నెలో గుండువంటిది. తొడ ఎముక పైకొన గుండ్రముగా నుండి కటి ఎముకలోని గిన్నెలో తిరుగుచుండును. టువా పడినప్పుడు ఆ గుండు గిన్నె వెనుక గోడను పగులగొట్టుకొని వెలికి వచ్చినది. గోడను అతుకవచ్చును, రెండు దినములలో హ్యూస్టన్ నగరమున వైద్యులు అతికిరి గూడ. అసలు భయము వేరొకటి. ఆ గుండునకు రక్తము తెచ్చు నాళములు మిక్కిలి సన్ననివి. కీలు జారినప్పుడు అవి సాగి నలిగిపోవును. ఆరు గంటలు దాటకుండ కీలును స్వస్థానమున చేర్చవలెనని వైద్యులందురు, ఆలస్యమైన కొలది రక్తమందక ఎముక చచ్చు భయము పెరుగును. టువాకు మైదానములోనే వెంటనే చేర్చిరి. అట్లు చేర్చినను భయము పూర్తిగా తీరదు, ఏలయన ఎముక చచ్చుట కొన్ని నెలలకు, ఒక్కొకప్పుడు రెండేండ్లకు గాని బయటపడదు. బో జాక్సన్ అను మహావీరుడు 1991 జనవరిలో తుంటికి దెబ్బతిని, ఈ వ్యాధి చేతనే ఫుట్‌బాల్‌ను విడిచిపెట్టవలసి వచ్చెను.

డ్రాఫ్టు 2020 ఏప్రిల్ 23న. గాయమైనది మొదలు అయిదు నెలలు మాత్రమే. ఫిబ్రవరిలో ఇండియానాపొలిస్ నగరమున అన్ని జట్ల వైద్యులును పరీక్షించిరి. అంతట మహమ్మారి వచ్చిపడుటచే మార్చి మధ్య నుండి కుర్రవారిని పిలిపించుకొని చూచు వీలు లేకపోయెను. రెండేండ్లకు గాని తేలని దానిని అయిదు నెలలలో తేల్చుకొనవలసి వచ్చినది.

అయిదవ వంతు మయామీ డాల్ఫిన్స్ జట్టుది. ఈ జట్టువారికి గాయముల విషయమున ఒక పాత పుండు కలదు. 2006లో డ్రూ బ్రీస్ అను క్వార్టర్‌బ్యాక్, ఇతడు కళాశాల కుర్రవాడు కాడు, అయిదేండ్లు ఆడినవాడు, విసరుచేతి భుజము చీలి శస్త్రచికిత్స చేయించుకొని క్రొత్త జట్టును వెదకుకొనుచుండెను. శిక్షకుడు అతనిని కోరెను. మయామీ వైద్యులు ఆ భుజమును నమ్మలేదు. అతనికి మారుగా మోకాలు చెడియున్న డాంటే కల్‌పెపర్‌ను తెచ్చుకొనిరి. కల్‌పెపర్ వారి పక్షమున నాలుగు పోటీలు మాత్రము ఆడెను. బ్రీస్ న్యూ ఓర్లియన్స్‌కు పోయి, 2010 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ అను మహావిజయమును సాధించెను. అదియును మయామీవారి మైదానమునందే! ఆనాడు మయామీ శిక్షకుడెవరనుకొన్నారు? పిమ్మట అలబామాలో టువాకు గురువైన ఆ నిక్ సేబనే.

మయామీవారు టువానే ఏరుకొనిరి. వారు చేసినది తప్పు కాదని నా యభిప్రాయము. మొదటి కారణము, చెడినది విసరు చేయి కాదు. పనికి ముఖ్యమైన అంగము నిక్షేపముగా నున్నది. రెండవది, ఆ యేడు వారికి మొదటి ఆవృత్తిలో ఒకటి కాదు, మూడు వంతులు కలవు. మూడు మళ్లున్న రైతు ఒక మడిలో క్రొత్త విత్తనము చల్లి చూడవచ్చును, ఉన్న ఒక్క మడిలో చల్లువానిని నేను మెచ్చుకొనను. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, వారియొద్ద రయన్ ఫిట్జ్‌పాట్రిక్ అను అనుభవశాలి యుండెను. కుర్రవాడు కుదురుకొనుటకు వ్యవధి దొరకెను. అక్టోబరు 18న కొద్దిసేపు దిగి, నవంబరు 1న గాని టువా మొదటినుండి ఆడలేదు.

అరుగుమీద మా కరణముగారు ఊరకుండలేదు. "అయితే ఆరోగ్యవంతుడెవడును లేడా?" అని గట్టిగా అడిగెను. ఉండెను. టువా వెనువెంటనే, ఆరవ వంతున, జస్టిన్ హెర్బర్ట్‌ను ఛార్జర్స్ జట్టు తీసికొన్నది. అతడు ఆ మొదటి యేడే 31 టచ్‌డౌన్ విసరులతో క్రొత్తవారి లెక్కలన్నిటిని మించిపోయెను. ఇది మయామీవారి ఖాతాలో నష్టమే. నేను కాదనను. కాని హెర్బర్ట్ అంతవాడగునని ఏప్రిల్‌లో ఎందరికి తోచినది? తోచినచో అయిదుగురు దాటువరకు వాడు మిగులునా?

ఇంతకును వైద్యులు శంకించిన తుంటి ఏమైనది? నిలిచినది. 2023లో టువా 17 పోటీలును ఆడి, 4,624 గజములు విసరి, సంఘమంతటిలో ప్రథముడాయెను. 2024 జూలైలో నాలుగేండ్లకు సుమారు 21 కోట్ల డాలర్ల ఒడంబడిక కుదిరెను. ఆ యేటి చివర తుంటి నొప్పిచే రెండు పోటీలు తప్పిపోయిన మాటయు చెప్పవలెను. కాని వానిని కూల్చినది తుంటి కాదు. 2022 సెప్టెంబరు 25న వాని తల నేలకు కొట్టుకొన్నది. లేచి తూలిపోయెను. వీపునొప్పి యని చెప్పి ఆనాడే మరల ఆడించిరి. నాలుగు దినములకే సిన్సినాటిలో మరల పడి, చేతివ్రేళ్లు కొంకర్లు పోగా, వానిని మంచముమీద మోసికొనిపోయిరి. దేశమంతయు చూచినది. అటుపిమ్మట తూలిపోయినవానిని ఆనాడు మరల ఆడింపరాదని అక్టోబరులో నియమము మార్చిరి. అయినను డిసెంబరు 25న మూడవ దెబ్బ. తరువాతి వేసవిలో వాడు తల నేలకు తగులకుండ పడు విద్యను జుజుట్సు గురువునొద్ద నేర్చుకొనెను. ఇరువదియైదేండ్లవాడు పడుట నేర్చుకొనుట నాకు ఆశ్చర్యముగాను, కొంత బాధగాను తోచినది.

శామ్ బ్రాడ్‌ఫర్డ్ కథయు ఇట్టిదే. 2009లో భుజము చెడెను. 2010లో సెయింట్ లూయిస్‌వారు మొట్టమొదటి వంతున తీసికొనిరి. భుజము చక్కగా పనిచేసినది. 2013లోను, 2014లోను పోయినది ఎడమ మోకాలు.

అందుచేత, అతికిన ఎముక నిలుచునా యని మాత్రము అడుగువాడు సగము ప్రశ్నయే అడుగుచున్నాడు. వానిని తెచ్చుకొన్న తరువాత, "నేడు వీడు ఆడడు" అని చెప్పు అధికారమెవరిది? గెలుపు కోరు శిక్షకునిదా, జీతము జట్టునుండి పుచ్చుకొను వైద్యునిదా? సంతలో ఎద్దు తన యజమానిని కోరుకొనలేదు, డ్రాఫ్టులో కుర్రవాడును కోరుకొనలేడు. కనుక ఏరుకొన్నవారిపై భారము హెచ్చు. నేనే జట్టు యజమానినైనచో టువాను తీసికొందును. కాని జట్టుతో సంబంధములేని వైద్యుడొకడు వ్రాసి యిచ్చినగాని వాడు మైదానములో అడుగిడరాదని ఒడంబడికలోనే వ్రాయింతును.

ఈ మాట విని మా మనుమడు నవ్వి, "తాతగారూ, ఆ షరతుకు ముందుగా ఒప్పుకొననివాడు ఆటగాడే" అనెను. అది నిజమే. 2024 సెప్టెంబరు 12న మరల తలకు దెబ్బ తగిలి టువా నాలుగు పోటీలు మానెను. ఆట విడిచిపెట్టుమని పెద్ద ఆటగాండ్రు పలువురు బహిరంగముగా హితవు చెప్పిరి. అక్టోబరు 27న వాడు తిరిగి వచ్చి ఆడెను.