తూర్పు తిమోర్ : జెండా ఎగిరిన తరువాత

సార్వభౌమత్వం అనగానే జెండా, జాతీయగీతం, ఐక్యరాజ్యసమితిలో ఒక స్థానం మన మనసులో మెదులుతాయి. ఈ భావన ఎంత అసంపూర్ణమో తూర్పు తిమోర్ చరిత్ర తెలియజేస్తుంది.

ఒకే దీవిలో పశ్చిమభాగం డచ్చివారిది, తూర్పుభాగం పోర్చుగీసువారిది. పశ్చిమభాగం ఇండొనీషియాలో కలిసింది. 1974లో పోర్చుగల్‌లో నియంతృత్వం కూలాక, తూర్పున ఫ్రెటిలిన్ పక్షం 1975 నవంబరు 28న స్వాతంత్ర్యం ప్రకటించింది. తొమ్మిది రోజులకే ఇండొనీషియా సైన్యం దిలీ నగరంపై దాడి చేసింది. అంతకు ముందురోజే అమెరికా అధ్యక్షుడు ఫోర్డ్, ఆయన మంత్రి కిసింజర్ జకార్తాలో సుహార్తోను కలిసి తమ సమ్మతి తెలిపి వెళ్ళారు. దాడిలో తొలిరోజునే హతులైనవారిలో ఫ్రాన్సిస్కో బోర్జా ద కోస్తా అనే కవి ఉన్నాడు. జాతీయగీతం రాసింది ఆయనే.

1974-99 మధ్య హింసకూ ఆకలికీ రోగాలకూ కనీసం 1,02,800 మంది బలయ్యారని ఆ దేశపు సత్యశోధన సంఘం తేల్చింది. 1999 ఆగస్టు 30న 78.5 శాతం ప్రజలు స్వాతంత్ర్యం కోరుతూ ఓటు వేశారు. 2002 మే 20న ఆ కవి గీతమే మళ్ళీ జాతీయగీతమైంది.

అయితే రెండో పొరుగుదేశం సంగతి మరువరాదు. ఆక్రమణ సాగుతుండగానే, 1989లో, ఆస్ట్రేలియా ఇండొనీషియాతో ఒప్పందం చేసుకుని తిమోర్ సముద్రంలోని చమురును పంచుకుంది. రెండు తీరాల నడుమ మధ్యరేఖే సరిహద్దని తిమోర్ వాదన. తన నేల సముద్రగర్భంలో ఎంతదూరం సాగితే అంతదూరమూ తనదేనని ఆస్ట్రేలియా వాదన. కొత్త దేశం పుట్టడానికి రెండు నెలల ముందు, 2002 మార్చిలో, సముద్ర సరిహద్దు తగాదాలలో అంతర్జాతీయ న్యాయస్థానపు అధికారానికి తాను లోబడనని ఆస్ట్రేలియా ప్రకటించింది. కోర్టు తలుపు మూసుకున్న తిమోర్, 2016లో ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం కింద నిర్బంధ రాజీ ప్రక్రియను కోరింది. ఆ నిబంధనను వాడుకున్న మొదటి దేశం అదే. 2018 మార్చి 6న కుదిరిన ఒడంబడిక ఎక్కువమేరకు మధ్యరేఖను అంగీకరించింది.

వియత్నాంపై తెలుగులో ఎన్నో గేయాలు వెలువడ్డాయి. తిమోర్‌ను మనం అంతగా పట్టించుకోలేదు. 2002లో నేను ఎం.ఏ. విద్యార్థిని, ఆ వార్త నేనూ గమనించలేదు. దూరపు సామ్రాజ్యవాదిని గుర్తించడం సులభం. పక్కింటి పెద్దన్నను గుర్తించడం కష్టం. పెద్ద దేశపు పౌరులమైన మనకు ఈ రెండో పని మరింత అవసరమని నా విశ్వాసం.