పాలు మాన్పించే ముందు ఒక్క మాట
ఆటిజం బిడ్డల పథ్యం – ఫ్లోరైడ్ నీళ్ళ ఊళ్ళలో మరింత జాగ్రత్త అవసరం

మార్కాపురం: పేరు పెట్టి పిలిస్తే పలకడు. తోటి పిల్లలతో కలవడు. చక్రం ఒకటి దొరికితే దాన్నే తిప్పుతూ పూటంతా కూర్చుంటాడు. మూడేళ్ళు దాటినా మాట రాదు. ఇటువంటి బిడ్డకు దిష్టి తీయించి, తాయెత్తు కట్టించి, చివరకు పట్నం డాక్టరు వద్ద అది ఆటిజమని తెలుసుకున్న తల్లిదండ్రులు పల్లెల్లోనూ ఉన్నారు. ఆ తరువాత వారి చెవిన పడే సలహాల్లో తిండి సంగతి ఒకటి. గోధుమలు, పాలు మాన్పిస్తే బిడ్డ మామూలు మనిషి అవుతాడన్నది దాని సారాంశం. ఈ మాట ఇప్పుడు సెల్‌ఫోను ద్వారా మారుమూల ఊళ్ళకూ చేరుతున్నది.

గోధుమలో గ్లూటెన్, పాలలో కేసీన్ అనే మాంసకృత్తులు ఉంటాయి. ఇవి సరిగా అరగక మెదడుపై మత్తు వంటి ప్రభావం చూపుతాయని 1980 ప్రాంతంలో ఒక ఊహ బయలుదేరింది. అది నేటికీ రుజువు కాలేదు. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం వారు 14 మంది ఆటిజం పిల్లలకు ఈ పథ్యం పెట్టి, నడుమ నడుమ గోధుమ, పాల పదార్థాలను ఎవరికీ తెలియకుండా తినిపించి చూశారు. పిల్లల నడతలోగాని, నిద్రలోగాని చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఈ ఫలితం 2016లో అచ్చయింది. పథ్యంతో ఆటిజం నయమవుతుందనడానికి ఆధారం లేదన్నదే వైద్యుల మాట.

గోధుమ మానడం మన ప్రాంతంలో పెద్ద కష్టం కాదు. జొన్న, సజ్జ, కొర్ర, రాగి, వరి వీటిలో దేనిలోనూ గ్లూటెన్ లేదు. బిస్కెట్లు, రస్కులు, బ్రెడ్డు, పూరీ, గోధుమరవ్వ ఉప్మా తగ్గిస్తే సరిపోతుంది. అసలు చిక్కు పాల వద్దనే ఉంది. బర్రె పాలు మాని మేక పాలు పోసినా లాభం లేదు. అన్ని పాలలోనూ కేసీన్ ఉంటుంది.

పాలు మానితే ఎముకలకు కావలసిన కాల్షియం తగ్గుతుంది. ఆటిజం ఉన్న మగపిల్లల చేతి ఎముకలను అమెరికాలో పరీక్షించగా అవి పలుచగా ఉన్నట్లు, పాలు మానిన వారిలో మరీ పలుచబడినట్లు 2008లో వెల్లడైంది. ఈ సంగతి ఇతర జిల్లాల వారికంటే మనకు ముఖ్యం. మన పశ్చిమ మండలాల్లో అనేక ఊళ్ళ బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. 1937లోనే నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ జబ్బును వైద్యులు గుర్తించారు. పొదిలి, కనిగిరి, దర్శి అప్పుడు ఆ జిల్లాలోనివే. కాల్షియం చాలని బిడ్డ ఎముకలకు ఫ్లోరైడ్ మరింత కీడు చేస్తుంది. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. మాట కోసమని పాలు మాన్పించి కాళ్ళు వంకర చేసుకోవడం తగని పని.

అయిదేళ్ళ బిడ్డకు రోజుకు 550 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. ఒక గ్లాసు పాలు మానితే సుమారు 240 మిల్లీగ్రాములు పోతుంది. దానిని పూడ్చడానికి దాదాపు 70 గ్రాముల రాగిపిండి అవసరం. నువ్వుల ఉండ, మునగాకు కూడా తోడు కావాలి. మాంసకృత్తులకు గుడ్డు, పప్పు పెట్టాలి. ఈ ఏర్పాటు లేకుండా పాలు తీసివేయరాదు. పాలు పడక విరేచనాలు, దద్దుర్లు వచ్చే బిడ్డ సంగతి వేరు. ఆ బిడ్డను డాక్టరుకు చూపించి ఆయన చెప్పినట్లు నడుచుకోవాలి.

ఆటిజం బిడ్డల్లో చాలామందికి తిండి పేచీ ఉంటుంది. కొందరు తెల్లన్నం తప్ప ముట్టరు. కొందరు కరకరలాడేవే తింటారు. ఇది మొండితనం కాదు. రుచి, వాసన, మెత్తదనం వారికి మనకంటే తీవ్రంగా తోస్తాయి. అలవాటైన తిండి పక్కన కొత్తది చిటికెడు పెట్టి, బలవంతం చేయక, పదిసార్లయినా ఓపిక పట్టాలి. మలబద్ధకం మరొక బాధ. నొప్పి అని చెప్పలేని బిడ్డ తలను గోడకు కొట్టుకోవచ్చు. ఆకుకూర, పండు, తగినన్ని మంచినీళ్ళు ఇస్తే ఈ బాధ తగ్గవచ్చు. ఒక్కోసారి పథ్యం వల్ల వచ్చిందనుకునే నెమ్మది కడుపు తేలికపడినందువల్ల వచ్చినదే కావచ్చు.

మాట, ఆట నేర్పే శిక్షణ ఎంత చిన్న వయసులో మొదలైతే అంత మేలు. పథ్యం ఫలిస్తుందేమోనని ఏడాది ఎదురుచూస్తే ఆ ఏడాది తిరిగిరాదు. అంగన్‌వాడీలకు, బడులకు వచ్చే బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్యులకు బిడ్డను చూపించి, శిక్షణ ఇచ్చే కేంద్రం ఎక్కడుందో తెలుసుకోవాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం చేరింది. వైకల్య ధ్రువపత్రం కోరే హక్కు తల్లిదండ్రులకు ఉంది. అంతవరకు బిడ్డ గ్లాసులో పాలు తగ్గకుండా చూడటం ఇంటివారి చేతిలోని పని.