ఓడినా ఆడనిస్తారెందుకు?

సూరత్‌ లింబాయత్‌లో స్థిరపడ్డ తెలుగు నేత కుటుంబాల పిల్లలు 16 మంది పోకెమాన్ కార్డుల పోటీ పెట్టుకున్నారనుకోండి. నాకౌట్ అయితే మొదటి రౌండ్‌కే 8 మంది ఔట్! కట్ట కలిపాక మంచి కార్డు అడుక్కి పోతే ఆడేవాళ్ల తప్పా?

అందుకే స్విస్ పద్ధతి. 1895లో జ్యూరిక్ చదరంగం పోటీలో మొదలైంది. ఇందులో ఎవరినీ తీసెయ్యరు. పోకెమాన్ కార్డుల పోటీల్లో గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1. తర్వాతి రౌండ్లో సమాన పాయింట్లున్నవాళ్లకే జోడీ. డ్రాలు లేకుంటే 4 రౌండ్లలో అన్నీ గెలిచినవాళ్లు ఒక్కరే తేలతారు.

రెండో స్థానానికే పేచీ. మూడేసి గెలిచినవాళ్లు నలుగురుంటారు మరి! అప్పుడు ఎవరి ప్రత్యర్థులు ఎక్కువ గెలిచారో చూస్తారు. కాబట్టి మిమ్మల్ని ఓడించినవాడు తర్వాత గెలుస్తుంటే చప్పట్లు కొట్టండి, లాభం మీకే.