విడిదిలో వాటా, సభలో పాత సహోద్యోగులు

శ్రీశైలమునకు పోయినవారు అచటి సత్రములలో గదుల వాకిళ్ళయొద్ద గల పాలరాతి ఫలకములను చూచియే యుందురు. ఫలానా ఊరి ఫలానా వారు తమ తల్లిదండ్రుల జ్ఞాపకార్థము కట్టించిన గది యని వానిపై చెక్కియుండును. గది సత్రముది, దాతది కాదు. అయినను పెక్కు సత్రములలో దాత కుటుంబమునకు ఏటా కొన్ని దినములు అందు బస చేయు మర్యాద కలదు. తిరుమలలో సైతము వసతి గృహములకు విరాళమిచ్చిన దాతలకు ఇట్టి సదుపాయమున్నది. కర్నూలు, కడప ప్రాంతములవారికి ఈ యేర్పాటు చిరపరిచితము. కనుక ‘టైమ్‌షేర్’ అను వ్యాపారమును గూర్చి వారికి చెప్పుట తేలిక.

ఏడాదికి 52 వారములు. ఒక కుటుంబము కొండప్రాంతమున ఇల్లు కొని సంవత్సరమునకొక వారము మాత్రమే ఉండినచో, తక్కిన 51 వారములు దానికి తాళమే. ఆ వారములను వేర్వేరు కుటుంబములు పంచుకొనిన ఖర్చు తగ్గును. 1963లో స్విట్జర్లాండున వెలసిన హాపిమాగ్ సంస్థ ఈ మార్గమున మొదట నడచినవారిలో నొకటి. 1974లో అమెరికాలో ఆర్.సి.ఐ. అను సంస్థ బయలుదేరి, ఒకచోటి వారమును మరియొకచోటి వారముతో మార్చుకొను వీలు కల్పించినది. మన దేశమున 1996లో ఏర్పడిన మహీంద్రా హాలిడేస్ సంస్థ ఏటా 7 రాత్రుల చొప్పున 25 సంవత్సరముల సభ్యత్వమును జనులకు పరిచయము చేసినది. అమెరికాలో పెక్కుచోట్ల కొనుగోలుదారునకు ఆస్తిలో భాగముగా దస్తావేజు లభించును. మనకు సాధారణముగా దొరకునది వాడుకొను హక్కు మాత్రమే. ఏటేటా చెల్లింపవలసిన నిర్వహణ రుసుము దీనికి అదనము.

ఈ వ్యాపారమునకు సంఘములును, మహాసభలును కలవు. అమెరికాలోని సంఘము 1969లో పుట్టినది. మన దేశమున అఖిల భారత రిసార్టు అభివృద్ధి సంఘము పనిచేయుచున్నది. ఇట్టి సభలలో వేదికపై ఉపన్యాసములు జరుగును, బయట వరండాలో కాఫీ జరుగును. నా మట్టుకు నాకు రెండవదే ముఖ్యమని తోచును.

ఏలయన, ఇది మనుషులు నిలకడగా ఉండని వృత్తి. అమ్మకపువారి రాబడి చాలవరకు కమీషనుపై ఆధారపడును. నేడొక సంస్థ, రేపు మరియొకటి. సభ్యుడు మాత్రము 25 ఏండ్లు కట్టుబడి యుండును. మాట యిచ్చినవాడు ఒకచోట, దానిని నిలుపవలసినవాడు మరియొకచోట. నందికొట్కూరు వాడొకడు, ప్రొద్దుటూరు వాడొకడు ఒకనాడు ఒకే బల్లవద్ద సభ్యులను చేర్చినవారనుకొనుడు. పదేండ్లకు సభలో ఎదురుపడి “ఏమప్పా, బాగుండావా?” అని చేతులు పట్టుకొందురు. పిల్లల చదువులు, తలనెరసిన సంగతులు అయిన పిదప ఒకడు తప్పక అడుగును: “మనము చేర్పించిన ఆ కడప డాక్టరు గారికి మే నెలలో గది దొరుకుచున్నదా?”

ఆ ప్రశ్నలోనే ఈ వ్యాపారపు కష్టమంతయు నున్నది. మే నెలలో కర్నూలు ఎండకు నిలువలేక కొండకు పోదలచువారు ఒకరిద్దరు కారు. బడుల సెలవులన్నియు ఒక్కమారే వచ్చును. గదులు మాత్రము పెరుగవు. కాగితముపై 7 రాత్రులు భద్రముగనే యుండును, కావలసిన 7 రాత్రులు మాత్రము దొరకకపోవచ్చును. అమ్మినాడు దీనిని విప్పి చెప్పితిమా లేదా యను సంగతి అమ్మినవారికే తెలియును. కొత్త యజమాని యెదుట పలుకని ఆ మాట పాత సహోద్యోగి యెదుట పలుకుదురు. వాడును ఆనాడు అదే బల్లవద్ద కూర్చున్నవాడు గదా! వాడు నవ్వి ఊరకుండినను అది జవాబే. సంస్థ దస్త్రములలో లేని చరిత్ర కొంత ఇట్టి మాటలలో మిగిలియుండును.

ఐరోపా దేశములవారు మాత్రము ఈ సంగతిని విక్రేతల మంచితనమునకు విడువలేదు. సంతకము చేసినవాడు కారణము చెప్పకుండ వెనుకకు తీసికొనుటకు 1994లో 10 దినములు, 2008లో 14 దినములు గడువు విధించిరి. విందు పెట్టి, బహుమతి చూపి, అచటనే సంతకము కోరు పద్ధతికి ఇంటికి వెళ్ళి ఆలోచించుకొను ఈ వ్యవధి మంచి విరుగుడు.

మన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020లో అమలులోనికి వచ్చినది. దానిప్రకారము ఫిర్యాదుదారు తాను నివసించుచోటనే ఫిర్యాదు చేయవచ్చును. సంస్థ కార్యాలయము చెన్నైలో నున్నను, ముంబాయిలో నున్నను, కడపవాసి కడప జిల్లా కమిషన్ యెదుటనే నిలువవచ్చును. అందుకు ఆధారము కాగితమే. కనుక నోటిమాటగా చెప్పినది ఒప్పందములో నున్నదా, రుసుము ఏటా ఎంతవరకు పెరుగును, వాడుకొనని రాత్రులు మరుసటి యేటికి చేరునా, సభ్యుని తరువాత హక్కు ఎవరికి పోవును అను నాలుగు సంగతులు సంతకమునకు ముందే వ్రాయించుకొనవలెను. అమ్మువాడు మన ఊరివాడే యైనను, మన పాత సహోద్యోగియే యైనను సరే.