బ్రేకుల్లేని సైకిల్

మామూలు సైకిల్ మీద పల్లంలో దిగేటప్పుడు కాళ్ళు కదపకుండా హాయిగా కూర్చుంటాం కదా? వెనక చక్రంలో టిక్ టిక్ మని చప్పుడు చేసే ఫ్రీవీల్ వల్ల అది కుదురుతుంది. ఫిక్స్‌డ్ గేర్ సైకిల్‌కి ఈ ఫ్రీవీల్ ఉండదు. పళ్ళచక్రాన్ని నేరుగా వెనక చక్రానికి బిగించేస్తారు. చక్రం తిరిగినంతసేపూ పెడల్స్ తిరుగుతూనే ఉంటాయి, వాటితోపాటు మీ కాళ్ళూ. తెలుగులో సైకిల్ ‘తొక్కుతాం’ అంటాం. ఇక్కడ తొక్కడం మానేయడం మీ చేతుల్లో (సరే, కాళ్ళలో!) ఉండదు.

ఇవి పందేల ట్రాక్ కోసం తయారైన సైకిళ్ళు. అక్కడ అందరూ ఒకే వైపు వెళ్తారు. ఒకరు ఠక్కున బ్రేకు వేస్తే వెనకవాళ్ళు వచ్చి గుద్దుకుంటారు. కాబట్టి ట్రాక్ మీద బ్రేకులు లేకపోవడమే క్షేమం. న్యూయార్క్‌లో ఆఫీసు కాగితాలు అందించే సైకిల్ మెసెంజర్లకు ఇవి నచ్చాయి. చెడిపోయే భాగాలు తక్కువ, ఖర్చూ తక్కువ. 2000 తర్వాత చాలా నగరాల్లో కుర్రకారుకు ఇదో మోజు అయింది. 2012లో వచ్చిన ‘ప్రీమియం రష్’ సినిమాలో హీరో తొక్కేదీ ఇదే.

మరి ఆపడం ఎలా? పెడల్స్‌ని వెనక్కి అదిమిపట్టాలి. కాళ్ళు గట్టిగా బిగిస్తే వెనక చక్రం ఆగిపోయి, టైరు రోడ్డు మీద జర్రున జారుతుంది. చూడ్డానికి భలేగా ఉంటుంది. కానీ ఆగేటప్పుడు బరువంతా ముందుకు తూలుతుంది, వెనక చక్రం తేలికైపోతుంది. దాంతో పట్టు తగ్గి సైకిల్ చాలా దూరం పోయిగానీ ఆగదు. ముందు బ్రేకుంటే దాదాపు సగం దూరంలోనే ఆగొచ్చు.

బ్రిటన్‌లో బిగించిన వెనక చక్రాన్ని ఒక బ్రేకుగా ఒప్పుకుంటారు, కానీ ముందు చక్రానికి ఇంకోటి ఉండాల్సిందే. 2016లో లండన్‌లో ముందు బ్రేకు లేని సైకిల్ మీద వెళ్తున్న 18 ఏళ్ళ కుర్రాడు రోడ్డు దాటుతున్న ఒకావిడను ఢీకొన్నాడు. వారానికి ఆవిడ చనిపోయింది. సైకిళ్ళకు తగిన చట్టం లేక, గుర్రపుబళ్ళ కాలం నాటి 1861 చట్టం కింద అతనికి 18 నెలల శిక్ష వేశారు.

మీకూ కొనాలనుందా? షాపులో ముందు ఫోర్కు చూడండి. బ్రేకు బిగించే రంధ్రం ఉందా? అచ్చంగా ట్రాక్ కోసం చేసినవాటికి చాలాసార్లు అది ఉండదు.