టోకెన్ల బదిలీ: కోడు వెనకాల ఏం జరుగుతుంది?

ఈథీరియం మీద ఈథర్ పంపడం, టోకెన్లు పంపడం వాలెట్‌లో చూస్తే ఒకేలా ఉంటాయి. కోడు రాయడానికి కూర్చున్నప్పుడు గానీ తేడా తెలియదు. ఎవరి దగ్గర ఎంత ఈథర్ ఉందో నెట్‌వర్కే చూసుకుంటుంది. టోకెన్ల లెక్క మాత్రం ఆ టోకెనుకి చెందిన స్మార్ట్ కాంట్రాక్టులో ఉంటుంది. ఒక చిరునామా, దానికెదురుగా ఒక అంకె. మనందరికీ తెలిసిన హాష్ టేబులే అన్నమాట. ట్రాన్స్‌ఫర్ అనే ఫంక్షను పంపేవారి అంకె తగ్గించి, అందుకునేవారి అంకె పెంచుతుంది. అంతకుమించి ఏదీ ఎక్కడికీ కదలదు.

2015 నవంబరులో ఫాబియన్ ఫోగెల్‌స్టెల్లర్, విటాలిక్ బ్యుటెరిన్ ప్రతిపాదించిన ఈఆర్‌సీ-20 ప్రమాణం ఈ ఫంక్షన్ల పేర్లనీ, వాటి తీరునీ ఖాయం చేసింది. దాని ప్రకారం మీరు స్నేహితుడికి టోకెన్లు పంపితే, లావాదేవీలో "ఎవరికి" అన్నచోట స్నేహితుడి చిరునామా ఉండదు, టోకెను కాంట్రాక్టు చిరునామా ఉంటుంది. ఈథర్ విలువ సున్నా. అసలు సంగతంతా డేటాలో ఉంటుంది: ఫంక్షన్‌ని గుర్తించే 4 బైట్లు, స్నేహితుడి చిరునామాకి 32, మొత్తానికి 32, వెరసి 68 బైట్లు. గ్యాస్ ఖర్చు ఈథర్‌లోనే కట్టాలి. మామూలు వాలెట్‌లో వెయ్యి టోకెన్లున్నా, ఈథర్ లేకపోతే ఒక్కటి కూడా పంపలేరు.

కాంట్రాక్టుకి దశాంశాలు తెలియవు, పూర్ణాంకాలే తెలుసు. యూఎస్‌డీసీకి 6 స్థానాలు, డాయ్‌కి 18. అంటే ఒక యూఎస్‌డీసీ పంపాలంటే కోడులో 10,00,000 అని రాయాలి. ఈ సంఖ్యని కోడులో బిగించకుండా, డెసిమల్స్ ఫంక్షన్‌ని అడిగి తెలుసుకోవడం మంచిది. ఇంకో తిరకాసు: ట్రాన్స్‌ఫర్ పూర్తయ్యాక నిజమో అబద్ధమో తిరిగి చెప్పాలని ప్రమాణం అంటుంది, ఈథీరియం మీది యూఎస్‌డీటీ ఏమీ చెప్పదు. జవాబు కోసం చూసే కాంట్రాక్టు అక్కడ బోర్లా పడుతుంది. ఓపెన్‌జెప్పెలిన్ వారి సేఫ్‌ఈఆర్‌సీ20 లైబ్రరీ ఇలాంటి వాటిని సర్దుకుంటుంది.

ఇంతవరకూ మనిషి నుంచి మనిషికి. మీ టోకెన్లు తీసుకుని ఏదో పని చేసిపెట్టే కాంట్రాక్టు ఉందనుకోండి. దానికి నేరుగా ట్రాన్స్‌ఫర్ చేస్తే, పద్దు మారుతుంది గానీ, టోకెన్లు వచ్చాయన్న కబురు దానికి అందదు. వాటిని బయటకు తీసే దారి ఆ కోడులో లేకపోతే అవి శాశ్వతంగా అక్కడే ఉండిపోతాయి. అందుకే రెండు మెట్ల పద్ధతి పెట్టారు. ముందు మీరు టోకెను కాంట్రాక్టుని పిలిచి, "ఫలానా చిరునామా నా ఖాతాలోంచి ఇంతవరకూ తీసుకోవచ్చు" అని అప్రూవ్ చేస్తారు. తర్వాత ఆ రెండో కాంట్రాక్టు ట్రాన్స్‌ఫర్‌ఫ్రమ్‌తో తనే తీసుకుంటుంది.

ఊళ్ళో స్థలం వ్యవహారం చూడమని బావమరిదికి జీపీఏ రాసివ్వడం లాంటిదే ఇది. అప్రూవ్ చేసిన క్షణాన టోకెన్లేమీ పోవు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పైగా మాటిమాటికీ గ్యాస్ దండగని చాలా సైట్లు పరిమితి లేని అనుమతి అడుగుతాయి. పని అయిపోయినా ఆ అనుమతి బతికే ఉంటుంది. 2021 డిసెంబరులో బాడ్జర్‌డావో వినియోగదారులు పోగొట్టుకున్న దాదాపు 12 కోట్ల డాలర్లు ఈ దారినే పోయాయి. కాంట్రాక్టుల్లో లోపం లేదు. వెబ్‌సైటులోకి దొంగ స్క్రిప్టు చొప్పించి, దొంగల చిరునామాకి అప్రూవ్ చేయించుకున్నారు.

కాబట్టి కోడు మీరే రాస్తున్నట్టయితే ఆ పనికి కావలసినంతే అడగండి. పాత అనుమతిని మార్చడంలోనూ ఓ చిక్కుంది. 100ని 50కి తగ్గించబోతే, మీ లావాదేవీ నమోదయ్యేలోపు అవతలివాడు 100 తీసుకుని, ఆ తర్వాత మరో 50 కూడా తీసుకోవచ్చు. ముందు సున్నా చేసి, ఈలోపు ఏమైనా తీశాడేమో చూసుకుని, అప్పుడు కొత్త అంకె ఇవ్వాలి. యూఎస్‌డీటీ అయితే సున్నా చేయకుండా మార్చనివ్వదు కూడా.

మీరిచ్చిన అనుమతి ఇంకా ఎంత మిగిలి ఉందో అలవెన్స్ ఫంక్షను చెబుతుంది. బయటినుంచి అడిగితే దానికి గ్యాస్ ఖర్చు లేదు; రద్దు చేయడానికి మాత్రం కొంచెం ఈథర్ కావాలి.